పరుపుకు ఎండ ఎందుకు? మెత్తటి సామాను శుభ్రతలో మరచిపోయిన సంగతి

ఒక తరం క్రితం వరకు వేసవి ముదిరిందంటే తెలుగు ఊళ్లలో మిద్దెలూ అరుగులూ పరుపులతో నిండిపోయేవి. దూది పరుపులు, బూరుగు దూది దిండ్లు, పాత చీరలతో కుట్టిన బొంతలు పొద్దున్నే ఎండలో పడేవి. మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, సాయంత్రం కర్రతో నాలుగు బాది లోపలికి తెచ్చేవారు. కొన్నేళ్లకోసారి దూదేకులవారిని పిలిచి పరుపు విప్పించి, గడ్డకట్టిన దూదిని ఏకించి, మళ్లీ కుట్టించుకునేవారు.

ఇప్పుడు చాలా పట్టణ ఇళ్లలో ఫోమ్ పరుపులు, గుడ్డ సోఫాలు, రెండు వరసల కర్టెన్లు, మంచం పక్కన కార్పెట్లు వచ్చాయి. వస్తువులు మారాయి కానీ వాటిని చూసుకునే పద్ధతి వాటితోపాటు రాలేదు. గచ్చు రోజూ తుడుస్తారు, ఒంటి మీది బట్టలు రోజూ ఉతుకుతారు. రోజుకు ఏడెనిమిది గంటలు ముఖం ఆనించి పడుకునే దిండు మాత్రం కొన్ననాటి నుంచి పారేసేదాకా నీళ్లు చూడని ఇళ్లు ఎన్నో.

ఇది ఇంటి అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. దేశంలో సుమారు మూడున్నర కోట్ల మందికి ఆస్తమా ఉందని అంచనా. వారిలో చాలామందికి ఇంటి దుమ్ము పడదు. ఆ దుమ్ముకు అసలు నిలయం గచ్చు కాదు, మెత్తటి సామానే.

దుమ్ములో ఏముంది?

ఇంటి దుమ్ముతో తుమ్ములు, ఆయాసం వస్తాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. అందులో ఏది కారణమో తేలడానికి సమయం పట్టింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా తదితరులు 1964లో ఒక సూక్ష్మజీవి వైపు వేలు చూపారు. అదే డస్ట్ మైట్. సాలీడు జాతికి దగ్గరి బంధువైన ఈ జీవి పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, మామూలు కంటికి కనిపించదు. నల్లుల్లా కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని బతుకుతుంది.

ఇబ్బంది పెట్టేది ప్రధానంగా దాని విసర్జనలోని ప్రొటీన్లు. వీటిలో ముఖ్యమైనది ఒక జీర్ణ ఎంజైమ్. పరుపు మీద పిల్లలు గెంతినప్పుడు, దుప్పటి దులిపినప్పుడు ఈ రేణువులు గాలిలోకి లేచి ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మైట్ చచ్చినా ఈ రేణువులు పరుపులోనే ఉంటాయి. కాబట్టి చేయాల్సిన పనులు రెండు: మైట్లు బతకకుండా చూడడం, అవి వదిలినదాన్ని తొలగించడం.

డస్ట్ మైట్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది. అది నీళ్లు తాగదు, గాలిలోని తేమను ఒంటితోనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ 70, 80 శాతం ఉంటే దానికి పండగ. 50 శాతం లోపు రోజుల తరబడి ఉంటే ఎండిపోయి చస్తుంది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా, ఢాకా లాంటి ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి చెమ్మగానే ఉంటుంది. హైదరాబాద్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల పగళ్లు పొడిగా ఉంటాయి. పరుపులో పరిస్థితి వేరు. రాత్రంతా మనిషి చెమట, ఒంటి వేడి అందులోకి దిగుతూనే ఉంటాయి. బయట పొడిగా ఉన్నా పరుపు లోపల చిన్న వానాకాలం నడుస్తుంటుంది.

పాత పద్ధతి చేసిన మూడు పనులు

ఈ లెక్కన చూస్తే వేసవిలో పరుపులు ఎండేయడం వెనుక బలమైన కారణమే ఉంది. తేమ పోవడం మొదటి పని. వేడికి, పొడికి మైట్లు చావడం రెండోది. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన 1994లో ఇదే నిరూపించింది. కార్పెట్లను నేరుగా ఎండలో పరిస్తే వాటిలోని మైట్లన్నీ చచ్చిపోయాయి. కర్రతో బాదడం మూడో పని. అలర్జీ రేణువులు ఎండకు పోవు, వాటిని దులిపి బయటకు పంపాల్సిందే.

దూది ఏకించడం వల్ల ఈ మూడూ మరింత లోతుగా జరిగేవి. పెద్ద విల్లు నారిని కొయ్య సుత్తితో కొడుతుంటే ఆ అదురుకు దూది పోగులు విడిపోయేవి, దుమ్ము రాలేది, మళ్లీ గాలి ఆడేది. తెలుగు నేల మీద దూదేకులవారు, ఉత్తరాన ధునియాలు, బెంగాల్‌లో ధునూరీలు చేసిందీ ఇదే. ఆ దుమ్మంతా పీల్చింది మాత్రం ఏకేవారి ఊపిరితిత్తులే. యంత్రాలు, ఫోమ్ పరుపులు వచ్చాక ఆ వృత్తి దాదాపు కనుమరుగైంది. దానితోపాటు పరుపును విప్పి బాగుచేయవచ్చన్న ఆలోచన కూడా పోయింది.

ఫోమ్ పరుపుకు వేరే పద్ధతి

పాత అలవాటును కొత్త పరుపుకు ఉన్నదున్నట్టు వాడలేం. పాలియురథేన్ ఫోమ్, లేటెక్స్ రెండూ మండుటెండకు పసుపుపచ్చబడి, పెళుసుబారి, పొడిగా రాలిపోతాయి. వాటికి కావాల్సింది ఎండ కన్నా గాలి. నెలకోసారి దుప్పటి, కవరు తీసేసి, పరుపును గోడకు నిలబెట్టి, కిటికీలు తెరిచి ఫ్యాను వేస్తే చాలు. పొద్దున లేవగానే పక్క సర్దేయకుండా గంటసేపు దుప్పట్లు తీసి ఉంచితే రాత్రి చెమ్మ ఆరుతుంది.

కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ కవరును మాసిపోతుందేమోనని అలాగే ఉంచేస్తారు కొందరు. దానివల్ల చెమట పోయే దారి లేక లోపలే నిలిచి బూజు పడుతుంది. ఆ ప్లాస్టిక్ తీసేయాలి. పరుపును నేరుగా గచ్చు మీద వేసినా, గాలి ఆడని పెట్టె మంచం మీద వేసినా అడుగు భాగంలో చెమ్మ చేరుతుంది. పలకల మధ్య ఖాళీలున్న మంచం మేలు. కొబ్బరి పీచు, దూది పరుపులకు పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. నల్లుల సంగతి మాత్రం వేరు. అవి మంచం కీళ్లలో, గోడ పగుళ్లలో దాక్కుంటాయి కాబట్టి పరుపు ఒక్కటే ఎండేస్తే పోవు.

నీళ్ల వేడి ఎంత?

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతకడం మంచిది. చల్లని నీళ్లతో ఉతికినా అలర్జీ రేణువులు చాలావరకు కరిగి పోతాయి కానీ మైట్లు ఎక్కువగా బతికే ఉంటాయి. అవి చావాలంటే నీళ్లు 55 నుంచి 60 డిగ్రీలుండాలి. మన ఇళ్లలో చాలా వాషింగ్ మెషీన్లు చల్లని నీళ్లతోనే నడుస్తాయి. వేడినీళ్ల సదుపాయం ఉంటే నూలు దుప్పట్లకు వాడుకోవాలి. లేకపోతే ఉతికాక మంచి ఎండలో ఆరేయడమే ప్రత్యామ్నాయం. పిల్లల మెత్తటి బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో ఒక రోజు పైగా ఉంచి, తీశాక ఉతికితే సరిపోతుంది.

పాలియెస్టర్ పీచు దిండ్లను మెషీన్‌లో వేయవచ్చు. ఫోమ్ దిండును వేస్తే చిరుగుతుంది. దూది, బూరుగు దిండ్లు తడిస్తే ఉండలు కడతాయి కాబట్టి వాటిని ఎండేయడం, దూది మార్చడమే మార్గం. తలనూనె పట్టిన దిండుకు గలీబు కింద మరో గుడ్డ కవరు తొడిగితే లోపలిదాకా దిగదు. దిండు పైకి ఆరినట్టు కనిపించినా మధ్యలో నొక్కి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

మైట్లు దాటలేని కవర్ల మాటేమిటి? వీటి మీద పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో కవర్లు మాత్రమే వాడితే ఆస్తమాలో తేడా కనిపించలేదు. అక్కడే మైట్ అలర్జీ ఉన్న 284 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. కవర్లు వాడిన పిల్లల్లో ఏడాదిలో అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినవారు 29 శాతం, మామూలు కవర్లు వాడినవారిలో 41 శాతం. అంటే అందరికీ అవసరం లేదు, మైట్ అలర్జీ ఉందని పరీక్షలో తేలిన పిల్లలకు ఉపయోగపడవచ్చు. ఏ శుభ్రతా ఇన్హేలర్‌కు బదులు కాదు. వైద్యులు రాసిన మందు ఆపకూడదు.

సోఫా, కర్టెన్, కార్పెట్

సోఫాను తడిపే ముందు దాని చీటీ చూడాలి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో, ఎస్ అని ఉంటే ద్రావకంతో మాత్రమే, రెండూ కలిపి ఉంటే దేనితోనైనా శుభ్రం చేయవచ్చు. ఎక్స్ అని ఉంటే వాక్యూమ్ క్లీనర్, బ్రష్ తప్ప మరేమీ తగలకూడదు. చీటీ లేకపోతే వెనుక కనిపించని చోట చిన్న మచ్చంత పరీక్షించి, ఆరాక రంగు చూడాలి.

ఇంటికొచ్చి సోఫా షాంపూ చేసే సేవలు ఇప్పుడు నగరాల్లో విరివిగా దొరుకుతున్నాయి. షాంపూ తర్వాత గుడ్డ తొందరగానే ఆరుతుంది కానీ లోపలి ఫోమ్ ఆరదు. ముసురు పట్టిన రోజుల్లో చేయిస్తే వారానికి ముక్క వాసన మొదలవుతుంది. ఈ పని వేసవిలోనో, వానలు వెనకబట్టి చలి మొదలయ్యాకో చేయించుకోవడం తెలివైన పని. ఆ రోజంతా ఫ్యాను వేసి ఉంచాలి. వాసన పోవడానికి చల్లే సెంట్లు వాసనను కప్పుతాయే తప్ప తేమను తీయవు.

కర్టెన్లను నెలకోసారి దులిపి, మూడు నాలుగు నెలలకోసారి ఉతికితే సరిపోతుంది. వెలుతురు ఆపే పూత ఉన్నవాటిని మెషీన్‌లో పిండితే పూత పగులుతుంది. కార్పెట్ విషయంలో నేత ముఖ్యం. ఏలూరు తివాచీల్లా లేచిన ఊలు పోగులున్నవి దుమ్మును లోతుగా పట్టుకుంటాయి. వరంగల్ దుర్రీల్లా చదునుగా నేసిన నూలువి దులపడానికీ ఎండేయడానికీ తేలిక. ఆయాసం ఉన్నవారి పడకగదికి రెండోవే నయం. మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నని దుమ్మును వెనుక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. హెపా ఫిల్టర్ ఉన్నది కొనడం మంచిది. శుభ్రం చేసేటప్పుడు అలర్జీ ఉన్నవారు గదిలో ఉండకపోవడం ఇంకా మంచిది.

మరక పడితే

మరకను రుద్దితే లోపలికి దిగుతుంది. పొడి గుడ్డతో అద్దాలి. నెత్తురు, పాలు, గుడ్డు మరకలకు చల్లని నీళ్లే వాడాలి. వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ గడ్డకట్టి పోగులకు పట్టేస్తుంది. నూనె ఒలికితే శనగపిండో, టాల్కమ్ పౌడరో చల్లి, పీల్చుకున్నాక దులిపేయాలి. ఊలు, పట్టు మీద బ్లీచ్ వేయకూడదు, అవి కరిగిపోతాయి.

పులుసు పడ్డ సోఫా కవరు మీద సబ్బు వేయగానే పసుపు మరక ఎర్రబడి కంగారు పెడుతుంది. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, అంతే. కడిగేస్తే ఆ ఎరుపు పోతుంది. మిగిలిన పసుపు ఎండకు తనంతట తానే వెలిసిపోతుంది, ఎందుకంటే కర్కుమిన్ వెలుతురుకు నిలవదు.

దాచేటప్పుడు, మునిగినప్పుడు

చలికాలం అయిపోయాక రజాయిలు, కంబళ్లు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, చల్లారాకే బీరువాలో పెట్టాలి. వాటి మధ్య కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. వీటిలో నాఫ్తలీన్ ఉంటే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు ప్రమాదం. ఆ ఆవిరి సోకితే ఎర్ర రక్తకణాలు పగిలి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అందుకే బాలింత ఇంట్లో వాటిని వాడకపోవడం, అలా దాచిన గుడ్డలను ఉతికి గాలికి ఆరేయకుండా పసిబిడ్డకు కప్పకపోవడం అవసరం.

వరద వచ్చినప్పుడు ఆరబెట్టడం ఎంత ముఖ్యమో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇలా తడిసిన సామాను 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. మురుగు కలిసిన నీటిలో నానిన ఫోమ్ పరుపును, దిండ్లను ఎంత ఆరబెట్టినా మళ్లీ వాడకూడదు. నూలు దుప్పట్లు, దుర్రీలు, కర్టెన్లను వేడినీళ్లు, డిటర్జెంట్‌తో ఉతికి ఎండలో ఆరేసి మిగుల్చుకోవచ్చు. ఖరీదైన పరుపు పారేయడానికి మనసొప్పదు, ముఖ్యంగా వాయిదాలింకా తీరని ఇంట్లో. దాని మీద పిల్లలను పడుకోబెడితే వచ్చే ఆసుపత్రి ఖర్చు అంతకన్నా పెద్దది.

వీటిలో ఎక్కువ పనులకు ఖర్చు లేదు. వారానికోసారి దుప్పట్లు, గలీబులు, నెలకోసారి పరుపుకు గాలి, వానలు రాకముందే దిండ్లు, కర్టెన్లు, దుర్రీలకు ఒక పూట ఎండ. వెనకటివాళ్లు రోహిణి కార్తె ఎండలను తిట్టుకుంటూనే వాడుకున్నారు. అపార్ట్‌మెంట్లలో మిద్దె అందరిదీ కాబట్టి అక్కడ పరుపులు ఎండేసుకోవడానికి నాలుగు దండేలు, రెండు బల్లలు వేయించమని సంఘాన్ని అడగడం కూడా ఇంటి శుభ్రతలో భాగమే.