నోటీసులు రెండుసార్లు ఆపినా... ఆగని ఆట!

బీటెక్ మూడో ఏడాది. కోడింగ్ వచ్చు, గేమ్స్ అంటే పిచ్చి. రెజ్యూమెలో రాసుకోవడానికి మాత్రం ఏమీ లేదు. మీకు నచ్చిన పాత గేమ్‌కి సీక్వెల్ మీరే చేసి పెడితే? ఈ ఆలోచన మీకంటే ముందు చాలామందికి వచ్చింది. అలా మొదలుపెట్టిన ఒక బృందం కథ తెలుసుకుంటే, మీ సమయం ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

ఎనిమిదితో ఆగిన కథ

‘కింగ్స్ క్వెస్ట్’ అమెరికాలోని సియెర్రా సంస్థ నుంచి వచ్చిన సాహస గేమ్. రూపకర్త రాబర్టా విలియమ్స్. మొదటి భాగం 1984లో, ఎనిమిదోది 1998లో వచ్చాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. దాంతో 2000ల మొదట్లో కొందరు అభిమానులు తొమ్మిదో భాగం తామే చేద్దామని పూనుకున్నారు. ఆఫీసు లేదు, జీతం లేదు. రచయితలు, ఆర్టిస్టులు, ప్రోగ్రామర్లు ఇంటర్నెట్‌లోనే కలిసి, ఖాళీ సమయంలో పనిచేశారు. పెళ్లివేడుకలో కొడుకూ కూతురూ శాపానికి గురైతే, వాళ్లను కాపాడటానికి గ్రాహం రాజు మళ్లీ సాహసయాత్రకు బయల్దేరడం... ఇదీ వాళ్లు అల్లుకున్న కథ.

మొదటి దెబ్బ

2005 అక్టోబరు నాటికి హక్కులు వివెండీ యూనివర్సల్ చేతిలో ఉన్నాయి. పని ఆపేయమని ఆ సంస్థ నోటీసు పంపింది. ‘ఉచితంగా ఇస్తున్నాం కదా, ఇందులో తప్పేంటి?’ అని మీకు అనిపించొచ్చు. ఇలా ఆలోచించండి: మన అనకాపల్లి బెల్లం పేరు పెట్టి ఇంకెక్కడో చేసిన దిమ్మలు ఊరికే పంచిపెడితే మన వ్యాపారులు ఊరుకుంటారా? డబ్బు తీసుకున్నారా లేదా అన్నది తర్వాతి మాట. ముందు ఆ పేరు ఎవరిదన్నది ప్రశ్న.

అభిమానులు కంపెనీకి పెద్దఎత్తున ఉత్తరాలు రాశారు. ఆ ఏడాది చివరికి వివెండీ మెత్తబడింది. అయితే షరతులు పెట్టింది. దానిమీద డబ్బు చేసుకోకూడదు, పేరులో ‘కింగ్స్ క్వెస్ట్’ ఉండకూడదు. అలా ఆ గేమ్ ‘ది సిల్వర్ లైనింగ్’ అయింది.

మళ్లీ మొదటికి

2008లో వివెండీ గేమ్స్, యాక్టివిజన్ ఒక్కటయ్యాయి. యజమాని మారాడు, పాత హామీ గాల్లో తేలింది. 2010 ఫిబ్రవరిలో రెండో నోటీసు! ఏళ్ల కష్టం ఒక్క ఉత్తరంతో ఆగిపోయింది. మళ్లీ అభిమానుల విన్నపాలు, మళ్లీ చర్చలు. జూన్‌లో అనుమతి దొరికింది. జులై 10న మొదటి ఎపిసోడ్ ఉచితంగా విడుదలైంది. 2011 నవంబరుకల్లా నాలుగు వచ్చాయి. ముగింపు ఎపిసోడ్ మాత్రం రాలేదు.

మరి వాళ్లకు మిగిలిందేంటి?

పనితనం. ఆ బృందమే ‘ఫీనిక్స్ ఆన్‌లైన్ స్టూడియోస్’గా మారి, కిక్‌స్టార్టర్‌లో డబ్బు సమకూర్చుకుని, 2012లో ‘కాగ్నిషన్’ అనే సొంత గేమ్ మొదలుపెట్టింది. 2014లో వచ్చిన ‘గేబ్రియల్ నైట్’ రీమేక్‌లోనూ పాలుపంచుకుంది. అదీ ఒకప్పుడు సియెర్రా గేమే! అభిమానులుగా వెళ్లినవాళ్లు నిపుణులుగా లోపలికి అడుగుపెట్టారన్నమాట.

ఇంకో ఉదాహరణ అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తి. నింటెండో ‘మెట్రాయిడ్ 2’ని దాదాపు పదేళ్లు కష్టపడి గేమ్‌మేకర్‌లో మళ్లీ తయారుచేసి, 2016 ఆగస్టులో విడుదల చేశాడు. కొద్దిరోజుల్లోనే నింటెండో దాన్ని తీయించేసింది. తర్వాత మూన్ స్టూడియోస్ అతన్ని తీసుకుంది. 2020లో వచ్చిన ‘ఓరి అండ్ ద విల్ ఆఫ్ ద విస్ప్స్’కి అతను లెవల్ డిజైనర్. గేమ్ తీసేయించగలిగారు గానీ నేర్చుకున్నది తీసేయలేకపోయారు.

మీరు మొదలుపెట్టేముందు

• పేరు, పాత్రలు, సంగీతం మీవే ఉండాలి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సొంతదారు అనుమతి లేకుండా అనుసరణ చేయడం కుదరదు. ఆట తీరు నచ్చితే దాన్నుంచి స్ఫూర్తి పొందండి, సరుకు ఎత్తుకురావద్దు.

• పాత గేమ్ మీదే చేయాలనుంటే, మార్పుచేర్పులకు కంపెనీయే టూల్స్ ఇచ్చినదాన్ని ఎంచుకోండి. షరతులు పూర్తిగా చదవండి. ‘కౌంటర్ స్ట్రైక్’ 1999లో ‘హాఫ్ లైఫ్’కి ఇద్దరు కుర్రాళ్లు చేసిన మాడే. ఏడాది తిరక్కుండానే వాల్వ్ కంపెనీ దాన్ని సొంతం చేసుకుంది.

• పదేళ్ల ప్రాజెక్టు వద్దు. ఒక్క లెవల్ చాలు, కానీ పూర్తవ్వాలి. గోడో ఇంజిన్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది.

• ఎవరు ఏం చేశారో మొదటి రోజు నుంచీ గిట్‌లో నమోదు చేయండి. ‘ఇందులో నీ పనేంటి?’ అని ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు.

• క్యాంపస్ సెలక్షన్లను పక్కనపెట్టి దీనిమీదే కూర్చోవద్దు. ఆ బృందాలు ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేశాయని మర్చిపోకండి. వారానికి ఇన్ని గంటలని ముందే లెక్క వేసుకోండి.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మీ రెజ్యూమె చూసేవాళ్లకు మీరు అనకాపల్లిలో చదివారా, అమెరికాలోనా అన్నదానికంటే ముందు కావాల్సింది ఒకటుంది... నొక్కితే తెరుచుకుని, ఆడితే ఆడే గేమ్ లింక్. ఈ సెలవుల్లో అదొక్కటి సిద్ధం చేసుకోండి.