సీరియల్ కోడలి మీద మనకెందుకంత కోపం?

తిరువళ్ళూరు జిల్లాలో తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు తెలుగిళ్లకు రెండు భాషల సీరియళ్లూ సొంతమే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సన్ టీవీలో 2002 నుంచి 2005 దాకా నడిచిన ‘మెట్టి ఒలి’ తర్వాత తెలుగులో ‘మెట్టెల సవ్వడి’గా వచ్చింది. ఐదుగురు కూతుళ్ల తండ్రి కథ అది. వాళ్లలో సరోజ అత్తింట్లో పడే బాధ చూసి కళ్లొత్తుకోని ఇల్లు తక్కువ.

ఇలాంటి కథ మొదలైన కొత్తలో తెరమీద మొగుడు చెయ్యెత్తితే ‘వాని చేతులు పడిపోనూ’ అని శాపం తగులుతుంది. ఆర్నెల్లు పోనివ్వండి. అదే నోటి నుంచి ‘దీనికి రోషం లేదా? పుట్టింటికి పోవచ్చు కదా?’ అని వస్తుంది. కొట్టేవాడి మీద పుట్టిన కోపం దెబ్బలు తినే మనిషి మీదికి ఎప్పుడు మళ్లింది?

రోజూ చూసే ముఖంతో మనకు చుట్టరికం లాంటిది ఏర్పడుతుందనీ, అది ఒకవైపు నుంచే నడుస్తుందనీ హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లోనే రాశారు. దాన్ని పారాసోషల్ సంబంధం అన్నారు. కథ కల్పితమని బుర్రకు తెలిసినా గుండె దడ ఆగదు. ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది.

1966లో మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ 72 మంది కాలేజీ అమ్మాయిలను ఒక టీవీ తెర ముందు కూర్చోబెట్టారు. తెరమీద ఒక యువతి పాఠం తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తిని విలవిల్లాడుతోంది. అది నటన, ఆ సంగతి చూసేవాళ్లకు తెలియదు. కొందరికి షాకులు ఆపించి ఆమెకు డబ్బు ఇప్పించే వీలు కల్పించారు. దాదాపు అందరూ ఆపమన్నారు, ఆమె గురించి మంచిగానే మాట్లాడారు. ఆపే వీలు లేని వాళ్లు, ఇది ఇంకా సాగుతుందని తెలిసినవాళ్లు మాత్రం ఆమె గుణగణాలకు తక్కువ మార్కులు వేశారు. అందరికన్నా తక్కువ మార్కులు ఎవరికి పడ్డాయో తెలుసా? మీకోసమే ఓర్చుకుంటున్నానంటూ షాకులకు ఒప్పుకున్న త్యాగమూర్తికి!

లెర్నర్ వివరణ ఇది: లోకంలో ఎవరికి తగింది వాళ్లకే దక్కుతుందని నమ్మితేనే మనకు నిద్ర పడుతుంది. ఏ తప్పూ లేని మనిషి కళ్లెదుట నలుగుతుంటే, ఆపడం మన చేతిలో లేకపోతే, ఆ నమ్మకం ఊగిపోతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి బాధితురాలిలోనే ఏదో లోపం వెతుక్కుంటాం. మన ధారావాహిక కథానాయికకు ఈ లెక్క అతికినట్టు సరిపోతుంది. ఆమె త్యాగమూర్తి, వారానికి ఐదారు రోజులు కనిపిస్తుంది, ఆమెను కాపాడే మీట మన రిమోట్‌లో లేదు. ఆమె గడప దాటిన రోజున కథ అయిపోతుంది కనక దాటనివ్వరు. స్టార్ మా ‘కార్తీకదీపం’లో దీప మీద భర్త డాక్టర్ బాబు అనుమానం ఏళ్ల తరబడి సాగింది. చెయ్యెత్తకుండానే ఒక మనిషిని నలిపేయడమంటే అదే. జనం మాత్రం దాన్ని అపార్థంగానే చూశారని నా అనుమానం.

ఇంకో తలనొప్పి దుష్టపాత్ర ఆకర్షణ. 2022లో మొదలైన తమిళ సీరియల్ ‘ఎదిర్‌నీచ్చల్’లో ఇంటి ఆడవాళ్లను నోరెత్తనివ్వని పెద్దన్న గుణశేఖరన్‌గా మారిముత్తు వేసిన పాత్ర, దాని ఊతపదంతో సహా, ఇంటింటి వేళాకోళమైపోయింది. 2023 సెప్టెంబరు 8న ఆ సీరియల్‌కే డబ్బింగ్ చెబుతూ గుండెపోటుతో ఆయన పోయినప్పుడు జనం నిజంగా బాధపడ్డారు. నటుణ్ణి ప్రేమించడం సరే. పాత్రను చూసి నవ్వేవాళ్లలో అందరూ ఒకే కారణానికి నవ్వరు. దూరదర్శన్ ‘హమ్ లోగ్’ (1984–85) పరిశోధకులకు ఇదే ఎదురైంది. అణిగిమణిగి ఉండే తల్లి భాగవంతిని, ఇలా ఉండకూడదని చూపించడానికి పెడితే, చాలామంది ప్రేక్షకులు ఆదర్శ గృహిణి అనుకున్నారు.

మరి చూడటమే చెరుపా? కాదనే చెప్పాలి. ఆర్థికవేత్తలు రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ తమిళనాడు సహా ఐదు చోట్ల 180 ఊళ్లలో 2001 నుంచి 2003 దాకా సర్వే చేశారు. కేబుల్ కొత్తగా వచ్చిన ఊళ్లలో ‘మొగుడు కొడితే తప్పులేదు’ అనే ఆడవాళ్లు తగ్గారు. అయితే అక్కడ కొలిచింది అభిప్రాయాన్ని, దెబ్బల్ని కాదు. పైగా ఏ సీరియల్ ఏం చేసిందో అది విడదీసి చెప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 84 శాతం మహిళలు ఏదో ఒక కారణానికి కొట్టడం సబబే అన్నారు. దేశం మొత్తమ్మీద అది 45 శాతం. ఇంటింటా టీవీ ఉన్న రాష్ట్రాలివి.

తేడా తెచ్చేది కథ నడిపే తీరు. బీబీసీ రేడియో నాటకం ‘ది ఆర్చర్స్’లో హెలెన్‌ను భర్త రాబ్ రెండేళ్లకు పైగా మాటలతో, డబ్బుతో, ఒంటరితనంతో కట్టిపడేశాడు. 2016 ఏప్రిల్‌లో ఆమె అతణ్ణి పొడిచింది. ఈలోగా ఒక శ్రోత మొదలుపెట్టిన నిధికి లక్ష పౌండ్లకు పైగా చేరి, బాధిత మహిళల సంస్థ రెఫ్యూజ్‌కు వెళ్లింది. శ్రోతలకు ఆపే మీట దొరికిందన్నమాట. 1974లో జరిగిన మరో ప్రయోగమూ ఇలాంటిదే చెప్పింది: షాకులు తినే మనిషి స్థానంలో నిన్ను ఊహించుకో అని ముందే చెబితే, చూసేవాళ్లు ఆమెను తక్కువ చేయలేదు.

అందుకే ‘ఎందుకు పోదు?’ అన్న ప్రశ్నకు జవాబు చూపించే సీరియల్ కావాలి: చేతిలో డబ్బు లేకపోవడం, పిల్లలు, పోతే చంపుతాడన్న భయం. 2005 గృహహింస చట్టం తిట్లనూ, డబ్బు చేతికి అందనివ్వకపోవడాన్నీ హింసగానే లెక్కిస్తుంది. ఎపిసోడ్ చివర 181 హెల్ప్‌లైన్ నంబరు వేయడానికి ఐదు సెకన్లు చాలు. తెర ముందు కూర్చున్నవాళ్లలో ఆ దెబ్బలు తిన్నవాళ్లూ ఉంటారు. తమిళనాడులో పెళ్లయిన మహిళల్లో సుమారు 38 శాతం భర్త హింసను ఎదుర్కొన్నామని ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే చెప్పారు. సన్నివేశం మొదలవగానే వంటింట్లోకి లేచిపోయే అక్కకు కథ నచ్చలేదని అనుకోనక్కర్లేదు. పక్కన కూర్చున్నవాళ్లు ‘రోషం లేనిది’ అన్నప్పుడు ఆ మాట లోపలికి వినిపిస్తుంది.