పలక పోయింది, గుంత మిగిలింది

మీరు ఓనమాలు దిద్దిన రాతిపలక ఏ ఊరిదో ఎప్పుడైనా ఆలోచించారా? నూటికి తొంభైపాళ్లు మా మార్కాపురందే అయివుంటుందని నేను పందెం కాస్తాను. పలక సంగతి అందరికీ తెలుసు. అది పోయాక మిగిలే గుంత సంగతి మాత్రం నాబోటిగాడు చెప్పాలి. ఎందుకంటే మాకు అలాంటిది ఒకటి వున్నది.

మా నాయన రెండెకరాల కందిచేను పలకల గనికి ఒప్పందం మీద ఇచ్చాడు. వచ్చినవాళ్లు మొదటిరోజే జానెడు ఎర్రమట్టినీ గీకి ఓ పక్కన పారేశారు. దానిమీదే రాతిపెంకులు గుమ్మరించారు. తవ్విన రాయిలో పలకకు పనికొచ్చేది కొంచెమే, తక్కినదంతా గుట్ట. రాయి అయిపోగానే వాళ్లూ వెళ్లిపోయారు.

గుంత ఒడ్డున కూర్చుని మట్టికోసం ఏడ్వటం తప్ప నాకేమీ తోచలేదు. ఆ రోజుల్లోనే మా బావ కొత్తగూడెం రమ్మన్నాడు. ఆయనది బొగ్గుగనిలో ఉద్యోగం. ఆ ప్రాంతపు బొగ్గును ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. మా పలకరాయి ఆ బొగ్గుకంటే ఎన్నో కోట్ల ఏళ్లు పెద్దది. అయితే ఏం లాభం, మర్యాద మాత్రం బొగ్గుకే దక్కింది!

అక్కడి ఓపెన్‌కాస్టు గని దగ్గర పైమట్టిని విడిగా కుప్పపోసి వుంచారు. బొగ్గుమీది రాతిని మెట్లుమెట్లుగా పేర్చి, దానిమీద ఆ మట్టి పరిచి మొక్కలు నాటుతున్నారు. అంతా నందనవనమని నేననను, చివరి గుంత అక్కడా మిగులుతుంది. కాని గని మూసేనాటి ఖర్చుకు ఏటేటా బ్యాంకులో సొమ్ము జమచెయ్యాలని 2009లో కేంద్ర బొగ్గుశాఖ నిబంధన పెట్టింది. మా పలకరాయినేమో 2015లో చిన్నతరహా ఖనిజాల్లో చేర్చారు. మా గుంత మాత్రం చిన్నతరహాది కాదు లెండి!

తిరిగొచ్చి పని మొదలుపెట్టాను. నిట్రంగా వున్న ఒడ్డును మెట్లుగా కొట్టించాను. ఒక సగంలో అడుగున పెద్ద బండలు, వాటిమీద చిన్న పెంకులు, ఆపైన పొడి నింపించాను. పొడి లేకుండా మట్టి పోస్తే జల్లెడలో పోసినట్టే, మొదటి వానకే సందుల్లోకి జారిపోతుంది. ఒక వానకాలం అణగనిచ్చాక చెరువు పూడికమట్టి తోలించాను. బండ్లబాడుగ తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. రెండోసగం నీళ్లకు వదిలి, పశువులు దిగటానికి వాలుదారి తీసి, చుట్టూ ముళ్లకంప వేశాను.

కానుగ, వేప నిలదొక్కుకున్నాయి. సీతాఫలం కాపుకొచ్చింది. కంది మాత్రం మోకాలెత్తు ఎదిగి ఎండిపోయింది. మట్టి లోతు చాలలేదు. "మళ్లీ కంది ఎప్పుడేస్తావురా?" అని మా నాయన పొద్దస్తమానం అడుగుతాడు. నేను సీతాఫలాల బుట్ట ముందు పెడతాను.

మొన్న పక్కచేను పెద్దాయన ఒప్పందం కాగితం పట్టుకుని వచ్చాడు. రేటు బాగుందా అని అడిగాడు.

"రేటు సరే పెదనాయనా, పైమట్టి ఎక్కడ పోస్తారో రాశారా?" అన్నాను.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మట్టి మాటే లేదు. వేలిముద్ర వెయ్యకుండా, దాన్ని మడిచి తలగుడ్డలో దోపుకుని, రాసినవాడి ఇంటికే తిరిగి బయల్దేరాడు.