పంపే ముందు ఒకరికి చూపండి

ప్రతిభ ఉండటం ఒక ఎత్తు. దానిని నిర్ణేతలకు బోధపడేటట్లు కాగితంపై పెట్టడం మరొక ఎత్తు. పరిశోధక వేతనానికో, పోటీకో దరఖాస్తు పంపేవారు తరచు విస్మరించే ఈ భేదాన్ని గణితమేధావి శ్రీనివాస రామానుజన్ అనుభవం చక్కగా విశదం చేస్తుంది.

1910లో ఉపాధి లేని రామానుజన్ తన నోటుపుస్తకాలతో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును ఆశ్రయించారు. గణితాభిమాని అయిన రామచంద్రరావుకు సైతం ఆ సూత్రాలు తొలుత అంతుపట్టలేదు. అది గ్రహించిన రామానుజన్ సులభమైన ఫలితాలతో ఆరంభించి, మెట్టుమెట్టుగా కఠినమైన వాటి వద్దకు తీసుకువెళ్లారు. ఫలితంగా కొంతకాలం నెలనెలా ధనసహాయం లభించింది.

1911లో భారత గణిత సంఘ పత్రికకు పంపిన వ్యాసానిదీ ఇదే కథ. స్పష్టత చాలదని సంపాదకుడు నారణియెంగార్ దానిని పలుమార్లు తిప్పి పంపారు. 1912లో లండను ఆచార్యుడు ఎం.జె.ఎం. హిల్ అనంత శ్రేణుల విషయంలో పొరపాటు జరిగిందని అభిప్రాయపడుతూ, వివరించని సంకేతాలు వాడరాదని హితవు చెప్పారు.

అయితే రామానుజన్ ప్రతి విమర్శకూ తల ఒగ్గలేదు. హిల్ ఆక్షేపించిన ఫలితాన్ని విడిచిపెట్టక, 1913 ఫిబ్రవరిలో హార్డీకి వ్రాసిన లేఖలో అది తన సిద్ధాంతానుసారం వచ్చే విలువ అని స్పష్టం చేశారు. ఆ ఏడాదే గిల్బర్ట్ వాకర్ వంటివారి సిఫారసుపై మద్రాసు విశ్వవిద్యాలయం, పట్టా లేని ఆ గుమాస్తాకు రెండేళ్లపాటు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. పోర్టు ట్రస్టులో ఆయన జీతం 30 రూపాయలు మాత్రమే.

దరఖాస్తుదారుడు గ్రహించవలసినది ఇదే. చిత్తుప్రతిని ఆ విషయం తెలియని ఒకరికి, భాష ఎరిగిన ఒకరికి, ఆ రంగంలో నిపుణుడైన ఒకరికి చూపాలి. మొదటివారు క్రమాన్ని, రెండవవారు స్పష్టతను, మూడవవారు దోషాన్ని పట్టిస్తారు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే మర్యాద మాటే వస్తుంది. ‘చదువుతూ ఎక్కడ ఆగిపోయారు? ఈ డబ్బు దేనికి కావాలో ఒక్క వాక్యంలో చెప్పగలరా?’ అని అడగాలి. ఇద్దరు ఒకేచోట తడబడితే ఆ వాక్యం మార్చక తప్పదు. గడువుకు రెండు వారాల ముందే చూపితేనే దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

వివరణలోని లోపాన్ని వెంటనే దిద్దాలి; భావంపై వచ్చిన ఆక్షేపణను మాత్రం తూచి చూడాలి. సలహా ఎందరిదైనా, చివరి నిర్ణయం సంతకం చేసేవానిదే.