పీకలో దాగిన నాదం

నంద్యాల, ఆళ్లగడ్డ వీథులలో పెళ్లి ఊరేగింపు బయలుదేరే ముందు సన్నాయి విద్వాంసుడు పీకను పెదవుల నడుమ తడుపుకుంటాడు. ఎందుకు? ఎండిన రెల్లు బిరుసెక్కి సరిగా కంపించదు.

సన్నాయి పీకలో రేకులు రెండు. 1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంటు పొందిన సాక్సోఫోనులో రేకు ఒక్కటే; అది మౌత్‌పీసు అంచుకు ఎదురుగా కంపిస్తుంది. టెనర్ సాక్సోఫోనులో రేకుకూ అంచుకూ నడుమ సందు సాధారణంగా రెండు, మూడు మిల్లీమీటర్లు. సందు పెద్దదైతే నాదం గంభీరం. కాని ఊపిరి ఎక్కువ కావాలి, ఊరేగింపు విడిది చేరకముందే పెదవులు అలసిపోతాయి. చిన్నదైతే ఊదడం సులువు. గట్టిగా ఊదితే మాత్రం రేకు మూసుకొని ధ్వని ఆగుతుంది. అందుచేత పెద్ద సందుకు మెత్తని రేకు, చిన్న సందుకు బిరుసు రేకు అమరుతాయి. ఒకరు మెచ్చిన మౌత్‌పీసు మరొకరికి పలకకపోతే అది వాద్యదోషం కానక్కరలేదు. పెదవుల పట్టులో, ఊపిరి బలంలో భేదం కావచ్చు.