చెరువులోనికి తిలాపియాను రానీయకండి

వానలు పడి చెరువులు నిండగానే నర్సంపేట ప్రాంతపు మత్స్యకార సంఘములవారు పిల్లచేపల కొరకు బయలుదేరుదురు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలలో తిలాపియా పిల్ల ఒక్కటి కూడ కలిసి రాకుండ చూచుకొనవలెను.

ఈ చేప సిక్లిడ్ అను కుటుంబమునకు చెందినది. ఆఫ్రికాలోని మలావి సరస్సులో ఈ కుటుంబపు చేపలు కొన్ని వందల రకములు గలవు. మనకు వచ్చిన మొజాంబిక్ తిలాపియా ఆగ్నేయ ఆఫ్రికా నదులది. పేదలకు చౌకగా చేప దొరకునను ఆశతో 1952లో దీనిని మన దేశమునకు తెచ్చిరి. 1959లోనే దీని పెంపకము కూడదని నిర్ణయించిరి గాని, అప్పటికే అది పలు చోట్లకు పాకినది.

దీని బలమంతయు సంతానములో నున్నది. మగచేప చెరువు అడుగున గుంట త్రవ్వును. ఆడచేప అందులో గ్రుడ్లు పెట్టి, వెంటనే నోట కరచుకొనును. పిల్లలు పొదిగి ఈదువరకు తల్లి మేత దాదాపు ముట్టదు. అపాయము తోచినచో పిల్లలు మరల తల్లి నోటిలో దూరును. రెండు మూడు నెలల వయసుకే ఈనికకు వచ్చి, నెల, నెలన్నర కొకసారి ఈనును. కనుక నోట పిల్లలున్న తల్లి ఒక్కటి చేరిన చాలును, చెరువు నిండును. అప్పుడు మేత చాలక అన్నియు అరచేతి కంటె చిన్నవై గిడసబారును. మీరు డబ్బు పోసి వదలిన బొచ్చె, రవ్వలకు మేత కరవగును.

గుర్తు పట్టుట కష్టము కాదు. వీపు మీద పొడవైన ఒకే రెక్క, దాని ముందు భాగమున ముండ్లు ఉండును. ప్రక్కనున్న గీత మధ్యలో తెగి రెండు ముక్కలుగా కన్పించును.

చిన్నకుంట యైనచో వేసవిలో పూర్తిగా ఎండగట్టుడు. నీరు నిలిచినచో మీటరు లోతున ఎకరమునకు వెయ్యి కిలోల ఇప్పపిండి నానబెట్టి చల్లవలెను. మూడు వారముల తరువాతనే కొత్త పిల్లలను వదలుడు. ఆ నీరు ప్రక్క చెరువులోనికి పోరాదు. నీరు వచ్చు తూముకు సన్నని వల తప్పక కట్టుడు. పాకాల వంటి పెద్ద చెరువులో చేరినచో ఏరివేయుట ఎవరి తరము కాదు.

వలలో పడిన తిలాపియా తినుటకు మంచిదే. అమ్ముకొనుడు, వండుకొనుడు, ప్రాణముతో మాత్రము నీటిలో వదలకుడు. మేలురకపు తిలాపియాను పెంచదలచినవారు ముందుగా మత్స్యశాఖ అనుమతి పొందవలెను.