ఒక్క లాగుతో... ఇంజిన్ బంద్!

విశాఖ పోర్టులోనో ఉక్కు ఫ్యాక్టరీలోనో పనిచేసేవారికి కన్వేయర్ బెల్టు పక్కన సాగే తాడు తెలిసే ఉంటుంది. ప్రమాదమనిపిస్తే ఎవరైనా దాన్ని లాగొచ్చు. బెల్టు ఆగిపోతుంది. రేసు కారుకీ అలాంటి ఏర్పాటే ఉంటుంది. అదే బ్యాటరీ మాస్టర్ స్విచ్.

కారు బోల్తాపడి పెట్రోలు కారుతుంటే ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా బుగ్గి కావడానికి. అందుకే సీటు బెల్టు బిగించుకున్న డ్రైవరుకూ, బయటి నుంచి పరుగెత్తుకొచ్చిన సిబ్బందికీ ఈ స్విచ్ అందాలి. బయటి పిడి దగ్గర తెల్ల అంచున్న నీలి త్రికోణంలో ఎర్రటి మెరుపు గుర్తు ఉండాలంటాయి అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనలు. ఆ త్రికోణం అడుగుభాగం కనీసం 12 సెంటీమీటర్లుండాలి.

ఇంతకీ బ్యాటరీ వైరొక్కటి కట్ చేస్తే సరిపోతుందా? సరిపోదు! ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తూనే ఉంటుంది. బ్యాటరీ లేకున్నా ఇంజిన్ ఆగకపోవచ్చు. అందుకే ఈ స్విచ్‌లో రెండు పెద్ద టెర్మినళ్లతోపాటు నాలుగు చిన్నవీ ఉంటాయి. వాటిలో ఒక జత ఇగ్నిషన్‌ని ఆపేస్తుంది. రెండో జత ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంటును రెసిస్టర్ మీదుగా ఎర్త్‌కి పంపేస్తుంది. లేదంటే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోయే ప్రమాదముంది.

వైరింగ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ ఆపి చూడాలి. ఇంజిన్ ఆగిందా, సరే. ఆగలేదా... ఆ కారు ట్రాక్ ఎక్కకూడదు!